నాలా నీళ్లు, హ్యాకథాన్ కోడ్: మీ ప్రశ్నలకు జవాబులు

వానాకాలం దగ్గరపడుతోందంటే హైదరాబాద్ కాలేజీల్లో, ఐటీ ఆఫీసుల్లో ‘సోషల్ గుడ్’ హ్యాకథాన్ల పోస్టర్లు వెలుస్తాయి. వరదల్లో పనికొచ్చే యాప్‌లు, సెన్సర్లు రెండు రోజుల్లో తయారు చేసే పోటీలు ఇవి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వాటి మీదే. ఒకే విషయం అడిగిన వాటిని కలిపి జవాబిస్తున్నాం.

నలుగురం కలిసి 36 గంటల హ్యాకథాన్‌కు వెళ్తున్నాం. నగరంలో ఏ వీధి ఎప్పుడు మునుగుతుందో ఏఐతో ముందే చెప్పే యాప్ చేద్దామనుకుంటున్నాం. డేటా ఎక్కడ దొరుకుతుంది?
— బి.టెక్ విద్యార్థిని, బాచుపల్లి

ఆ పని పెట్టుకోకండి. ఈ ఆలోచనతో వచ్చే టీములు ప్రతి చోటా రెండు మూడు కనిపిస్తాయి. డెమోలో మ్యాపు నీలంగా, ఎర్రగా మెరిసిపోతుంది. వాన పడ్డ రోజు మాత్రం దాన్ని నమ్మి ఎవరూ అడుగు వేయలేరు.

చిక్కంతా నేల ఎత్తుల దగ్గర ఉంది. ఉచితంగా దొరికే ఎస్‌ఆర్‌టీఎం అనే నేల ఎత్తుల డేటాలో ఒక్కో గడి 30 మీటర్లు. అంటే ఒక గల్లీ, దానికి అటూ ఇటూ ఇళ్లు, వెనక నాలా (వాననీటి కాలువ) అన్నీ ఒకే అంకెలో కలిసిపోతాయి. పైగా అది 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి కొలిచింది. ఆ తర్వాత వచ్చిన కాలనీలు, ఫ్లైఓవర్లు అందులో లేవు. చెట్ల తలలు, ఇళ్ల కప్పులు కూడా నేలగానే లెక్కకొస్తాయి. దాని పొరపాటు మీటర్లలో ఉంటుంది. మన సెల్లార్లోకి నీళ్లు రావడానికి అరడుగు తేడా చాలు. నాలాలో ఎక్కడ చెత్త అడ్డుపడిందో, ఎక్కడ దాని మీద స్లాబు వేసి షాపు కట్టారో ఏ ఉపగ్రహమూ చెప్పదు. నిజానికి వీధి మునిగేది ఎక్కువగా వాటివల్లే.

అంచనాల మీదే మనసుంటే పని చిన్నది చేసుకోండి. ఎప్పుడూ నీళ్లు నిలిచే నాలుగైదు జంక్షన్లు ఎంచుకోండి. ప్రతి జంక్షన్‌కు దగ్గరలోని ఆటోమేటిక్ వాతావరణ కేంద్రంలో గంటకు ఎన్ని మిల్లీమీటర్లు పడితే అక్కడ మోకాలి లోతు వచ్చిందో రాసుకుంటూ పోండి. రెండు వానాకాలాలు రాస్తే మీ చేతిలో ఉన్న పట్టిక ఏ ఏఐ మోడల్ కన్నా నయం. ఒక్క జాగ్రత్త. వాతావరణ శాఖ రోజు వర్షపాతాన్ని ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా లెక్కగడుతుంది. 14వ తేదీ ఎదురుగా కనిపించే అంకెలో ఎక్కువ భాగం 13న పడ్డ వాన. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు పడ్డ వానను ఈ తేడా తెలియక 14వ తేదీకి కట్టేస్తే ప్రోగ్రామ్ నేర్చుకునేది మొత్తం తప్పే. 204.4 మిల్లీమీటర్లు దాటితే ‘అత్యంత భారీ’ అంటారు. ఆ రోజు పడింది దానికి ఒకటిన్నర రెట్లు.

వానల్లో మా ఆఫీసు మిత్రులం గూగుల్ ఫారం పెట్టి సాయం కోరేవాళ్ల వివరాలు తీసుకున్నాం. ఒకే ఇంటికి నాలుగు ఎంట్రీలు వచ్చాయి. చిరునామాలు దొరకలేదు. అప్పటికే బయటపడ్డ వాళ్లకు మేం ఫోన్లు చేస్తూనే ఉన్నాం. ఈసారి హ్యాకథాన్‌లో దీన్ని సరిగ్గా చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్

ఎంచుకోవాల్సిన పని ఇదే. చూడ్డానికి చప్పగా ఉంటుంది, ప్రైజు రాకపోవచ్చు. 2018 కేరళ వరదల్లో స్వచ్ఛంద ప్రోగ్రామర్లు అక్కడి ప్రభుత్వ ఐటీ మిషన్‌తో కలిసి నడిపిన కేరళ రెస్క్యూ సైటు చేసింది ప్రధానంగా ఈ పనే: ఎవరు, ఎక్కడ, ఏం కావాలి.

ఫారం పైన మొదటి వాక్యం ‘ప్రాణాపాయం ఉంటే ముందు 112కు ఫోన్ చేయండి’ అని ఉండాలి. ఆ తర్వాత అడిగేవి తక్కువగా ఉండాలి. చిక్కుకున్న వాళ్ల ఫోన్ నంబరు, ఫారం నింపుతున్న వాళ్ల నంబరు వేర్వేరు గళ్లలో తీసుకోండి. ఒకే ఇంటికి నాలుగు ఎంట్రీలు రావడానికి కారణం ఆ రెండూ కలిసిపోవడమే. టోలీచౌకిలో అమ్మానాన్న చిక్కుకుంటే డాలస్‌లో కొడుకు ఒకటి, బెంగళూరులో కూతురు ఒకటి, పక్కింటి వాళ్లు ఒకటి నింపుతారు, అందరూ తమ నంబరే ఇస్తారు. నంబర్లలో ప్లస్ 91, ముందు సున్నా, మధ్యలో ఖాళీలు తీసేసి చివరి పది అంకెలతోనే పోల్చండి. చిక్కుకున్న వాళ్ల నంబరు కలిసినా, నంబరు కలవకుండా 200 మీటర్లలోపు అదే ఇంటి పేరు కనిపించినా, రెండు ఎంట్రీలను ముడేసి ఉంచండి. చెరిపేయొద్దు. ఒకదాంట్లో ‘నాన్నకు డయాలసిస్’ అని ఉండి, మిగతావాటిలో ఆ మాట లేకపోవచ్చు.

నీళ్ల లోతు అడుగుల్లో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. చీలమండ, మోకాలు, నడుము, ఛాతీ అని నాలుగు బొమ్మలు పెట్టండి. ఏ అంతస్తులో ఉన్నారు, నడవలేని వాళ్లు ఎంతమంది అన్నవి తప్పనిసరి. ఆధార్ నంబరు అడిగారంటే మాత్రం ఆ ఫారం అక్కడికక్కడే మూసేయాలి. పడవ పంపడానికి దానితో పని లేదు, రేపు అది లీకైతే బాధ్యత మీదే.

ఇక చిరునామా. ‘మసీదు వెనక సందు, నీలం గేటు’ అన్నదే మన ఊళ్లో అసలు చిరునామా. దాన్ని రాయనివ్వండి, తోడుగా లొకేషన్ బటన్ పెట్టండి. ఇంట్లో కూర్చుని నొక్కితే ఫోన్ ఒక్కోసారి వందల మీటర్ల అవతల చూపిస్తుంది. బ్రౌజరు లొకేషన్‌తో పాటు ఎన్ని మీటర్ల తేడా ఉండొచ్చో కూడా ఇస్తుంది. చాలామంది ఆ అంకెను పారేస్తారు. దాచండి. అది 50 దాటితే గుర్తుల వివరం తప్పనిసరి చేయండి. మూసారాంబాగ్‌ను ఇంగ్లిష్‌లో ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు రాస్తారు, కాబట్టి ఏరియా పేరు టైపు చేయించకండి, జాబితా లోంచి ఎంచుకోనివ్వండి.

అక్షాంశ రేఖాంశాలు తారుమారు కావడం ప్రతి హ్యాకథాన్‌లో జరిగే తప్పు. మ్యాపు వివరాలు దాచే జియోజేసన్ ఫైళ్లలో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత వస్తాయి. గూగుల్ మ్యాప్స్‌లో దానికి ఎదురు. హైదరాబాద్ ఉన్నది 17.38, 78.48 దగ్గర. తిప్పి రాస్తే చాదర్‌ఘాట్‌లో చిక్కుకున్న మనిషి ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్ దీవుల మంచులో తేలతాడు. సేవ్ చేసే ముందు అక్షాంశం 17కు, రేఖాంశం 78కి దగ్గరగా ఉందో లేదో చూసే ఒక్క లైను రాస్తే ఈ బెడద ఉండదు. సర్వర్ గడియారం గ్రీనిచ్ సమయంలో నడిచి, మీ పట్టిక మన సమయం అనుకుంటే ప్రతి ఎంట్రీ ఐదున్నర గంటలు పాతదిగా కనిపిస్తుంది. అదీ ముందే సరిచూసుకోండి.

ప్రతి ఎంట్రీకి ఒక స్థితి ఉండాలి: కొత్తది, ఫోన్ చేసి నిర్ధారించాం, మనుషులు వెళ్లారు, బయటపడ్డారు, అక్కర్లేదు. స్థితి ఎవరు మార్చారు, ఎన్నింటికి అన్నది దానంతటదే పడాలి. ఆరు గంటలు కదలని ఎంట్రీ పసుపు రంగులోకి మారాలి, ఎవరో ఒకరు మళ్లీ ఫోన్ చేయాలి. ఫోన్ చేసేది ఒక్కరే కావాలి. ‘నేను తీసుకున్నా’ అని నొక్కాకే నంబరు కనిపించేలా చేయండి. కరెంటు పోయిన ఇంట్లో ఆ ఫోన్‌లో 18 శాతం ఛార్జింగ్ ఉంటే, పన్నెండు మంది వాలంటీర్ల పరామర్శకే అది అయిపోతుంది.

చివరగా, పేజీ బరువు 100 కిలోబైట్లు దాటనివ్వకండి. అందంగా ఉంటుందని తెలుగు వెబ్ ఫాంటు జోడిస్తే అదొక్కటే ఆ లెక్కంతా తినేస్తుంది. ఫోన్‌లో ఉన్న ఫాంటుతోనే చూపించండి. అన్నట్టు, అందరూ ఒకే గూగుల్ షీటు తెరిచి పని చేస్తే 100 మంది దాటాక మిగిలిన వాళ్లు చూడగలరు తప్ప మార్చలేరు. అర్ధరాత్రి అది తెలిస్తే చాలా ఇబ్బంది.

నాలా మీద నీటిమట్టం కొలిచే సెన్సర్ చేశాం. ల్యాబులో బాగానే ఉంది. బయట పెడితే మధ్యాహ్నం నీళ్లు పెరిగినట్టు, రాత్రి తగ్గినట్టు చూపిస్తోంది. బ్యాటరీ కూడా పది రోజులకే అయిపోతోంది.
— డిప్లొమా విద్యార్థి, రామంతాపూర్

మీరు రాసిన దాన్నిబట్టి జేఎస్ఎన్-ఎస్‌ఆర్04టీ అల్ట్రాసోనిక్ సెన్సర్, దాన్ని నడిపే ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు వాడినట్టున్నారు. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే చేతిలో పెట్టేవి ఇవే.

మధ్యాహ్నం నాలా పొంగట్లేదు, మీ లెక్క వేడెక్కుతోంది. ఈ సెన్సర్ ధ్వని పోయి వచ్చిన సమయం కొలుస్తుంది. నెట్‌లో దొరికే కోడ్ ఆ మైక్రోసెకన్లను 58తో భాగించి సెంటీమీటర్లు అంటుంది. అది 20 నుంచి 25 డిగ్రీల వేడికి సరిపోయే అంకె. ధ్వని వేగం సెకనుకు 331.3 మీటర్లు, దానికి ప్రతి డిగ్రీకి 0.606 కలపాలి. 40 డిగ్రీల ఎండలో అది 355 దాటుతుంది. అప్పుడు నీళ్లు 3 మీటర్ల కింద ఉంటే మీ కోడ్ 2.91 అంటుంది, అంటే నీళ్లు 9 సెంటీమీటర్లు పెరిగినట్టు. డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి నీడలో కట్టి ఆ సూత్రం వాడండి, తేడా పోతుంది.

బిగించడంలోనూ చూసుకోవాల్సినవి ఉన్నాయి. ఈ సెన్సర్‌కు 20 సెంటీమీటర్ల లోపు కనిపించదు. వరద దాన్ని తాకేంత పైకి వస్తే అంకెలు పిచ్చిపిచ్చిగా వస్తాయి, సరిగ్గా అప్పుడే మీకు అంకె కావాలి. కాబట్టి అత్యధిక మట్టానికి కనీసం అర మీటరు పైన బిగించండి. ధ్వని పుంజం వెడల్పుగా పరుచుకుంటుంది, నాలా గోడకు ఆనించి పెడితే అది గోడ దూరమే చెబుతూ ఉంటుంది. థర్మాకోల్ ముక్కలు, కొబ్బరి బోండాలు, నురగ ఎప్పుడూ తేలుతుంటాయి కాబట్టి ఒక్క రీడింగును నమ్మొద్దు. వరుసగా 11 తీసుకుని, వాటిని పేర్చి, నడిమిది తీసుకోండి. సగటు వద్దు. ఒక్క చెడ్డ రీడింగు సగటును లాగేస్తుంది, నడిమిదాన్ని కదిలించలేదు. సెన్సర్ ఎకో తీగ 5 వోల్టులు ఇస్తుంది, ఈఎస్‌పీ32 పిన్ను 3.3కే తట్టుకుంటుంది. మధ్యలో 1 కిలోఓమ్, 2 కిలోఓమ్ రెసిస్టర్లతో వోల్టేజి దించకపోతే బోర్డు ఈ రోజు కాకపోతే వచ్చే నెల పోతుంది.

బ్యాటరీ లెక్క చూద్దాం. పది నిమిషాలకోసారి లేచి 5 సెకన్లు పని చేస్తే రోజుకు 144 సార్లు. 80 మిల్లీ ఆంపియర్ల చొప్పున అది రోజుకు 16 మిల్లీ ఆంపియర్ గంటలు, అంతే. తినేస్తున్నది నిద్ర. చిప్ నిద్రపోయినా డెవలప్‌మెంట్ బోర్డు మీది పవర్ దీపం, యూఎస్‌బీ చిప్, రెగ్యులేటర్ మేలుకునే ఉంటాయి. సెన్సర్‌కు కూడా కరెంటు ఆగదు. అన్నీ కలిసి 10 మిల్లీ ఆంపియర్లు లాగితే రోజుకు 240. మీ 2,500 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీ పది రోజులకు సరిగ్గా సరిపోయింది. సెన్సర్ కరెంటును మాస్‌ఫెట్‌తో (ఎలక్ట్రానిక్ స్విచ్) కట్ చేసి, దీపం ఊడబెరికి, నిద్రలో 0.1కి దించితే అదే బ్యాటరీ నాలుగు నెలలు వస్తుంది. నల్ల మబ్బులు పట్టిన వారంలో సోలార్ పలక మీద ఆశ పెట్టుకోవద్దు.

రీడింగులు మొబైల్ నెట్‌వర్క్‌లో పంపడానికి సిమ్800ఎల్ మాడ్యూల్ వాడితే అది పంపే క్షణంలో 2 ఆంపియర్లు గుంజుతుంది. సన్నటి తీగలతో కలిపితే అక్కడే రీసెట్ అవుతుంది. పక్కనే 1,000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. అది 2జీ, జియో సిమ్ అందులో పని చేయదు. లోరా (తక్కువ కరెంటుతో దూరం పంపే రేడియో) అయితే 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ లోపల ఉంచుకోండి, మన దగ్గర లైసెన్స్ అక్కర్లేని బ్యాండు అది. 868 అని రాసున్న మాడ్యూల్‌ను ఆ బ్యాండుకు మార్చుకోవచ్చు. 433 మాడ్యూళ్లు ఇందుకు పనికిరావు. యాంటెన్నా తగిలించకుండా ఆన్ చేయొద్దు, కాలిపోతుంది.

వంతెనకు ఏదైనా బిగించాలంటే అది ఏ శాఖదో తెలుసుకుని కాగితం మీద అనుమతి తీసుకోండి. తీగలు, బ్యాటరీ, మెరిసే దీపం ఉన్న డబ్బా చెప్పాపెట్టకుండా వంతెన కింద కనిపిస్తే ముందు వచ్చేది పోలీసులే.

మా కాలనీ వాళ్లకు తెలుగులో ఎస్సెమ్మెస్ హెచ్చరికలు పంపే పద్ధతి హ్యాకథాన్ పిల్లలు చేసిచ్చారు. సగం మందికి సందేశం ముక్కలై వస్తోంది, కొందరికి అసలు రావట్లేదు.
— విశ్రాంత ఉపాధ్యాయుడు, మూసారాంబాగ్

మాస్టారూ, ఇంగ్లిష్ అక్షరాల్లో అయితే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి. తెలుగులో 70 మాత్రమే. అదీ మనం బడిలో చెప్పే అక్షరాల లెక్క కాదు. గుణింతం గుర్తు ఒకటి, హలంతు ఒకటి, కింద వత్తు ఇంకొకటి. ‘నీళ్లు’ మనకు రెండక్షరాలు, ఫోన్‌కు ఆరు. 70 దాటగానే సందేశం 67 చొప్పున ముక్కలవుతుంది, రద్దీ ఉన్నప్పుడు ఒక ముక్క వచ్చి రెండోది ఆగిపోతుంది.

‘రాత్రి 9:30. మూసీకి నీళ్లు వదిలారు. మీ గల్లీ ఖాళీ చేసి స్కూలుకు రండి.’ ఇది 69. సమయం, కారణం, చేయాల్సిన పని మూడూ ఉన్నాయి. ‘గౌరవనీయులైన కాలనీ వాసులకు విజ్ఞప్తి’ అని మొదలుపెడితే అందులోనే సగం పోతుంది.

అసలు రాకపోవడానికి కారణం వేరు. సంస్థల పేరుతో గుంపుగా పంపే సందేశాలకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం పంపేవారి పేరు, సందేశం నమూనా రెండూ టెలికాం కంపెనీల నమోదు వేదిక డీఎల్‌టీలో ముందే నమోదు కావాలి. నమూనాలో లేని మాట చేరిస్తే టెలికాం కంపెనీ దాన్ని ఆపేస్తుంది. నమోదు వాన మొదలయ్యాక అయ్యే పని కాదు, మే నెలలోనే ముగించండి. నీళ్లు వదిలారన్న మాట అధికారులు ప్రకటించాకే పంపండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ (ఎన్‌డీఎంఏ) వాళ్ల సచేత్‌లో అధికారిక హెచ్చరికలు కనిపిస్తాయి.

మీ కాలనీలో ఉర్దూ మాట్లాడేవాళ్లు, చదువు రానివాళ్లు ఉంటారు. వాళ్లకు తెలుగు, ఉర్దూల్లో ముందే రికార్డు చేసిన ఫోన్ కాల్ మేలు. టవర్లు పడిపోతే గుడి మైకు, మసీదు మైకు ఉన్నాయి. ఆ తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో ఆ జాబితా కూడా సాఫ్ట్‌వేర్‌లో భాగమే అనుకోండి.

నాకు కోడింగ్ రాదు. ఇలాంటి వాటిలో నేను చేయగలిగింది ఏమైనా ఉందా?
— గృహిణి, మల్కాజ్‌గిరి

చాలా ఉంది. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చాక రాజధాని వీధులను ఎవరైనా చేర్పులు చేయగల ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీసింది ఎక్కడెక్కడో ఇళ్లలో కూర్చున్న మామూలు మనుషులే. మీ ఏరియాలో పై అంతస్తు ఉన్న స్కూళ్లు, ఫంక్షన్ హాళ్లు, గల్లీల పేర్లు తెలుగులో చేర్చండి. ఫోన్‌లో స్ట్రీట్‌కంప్లీట్ యాప్ ఉంటే నడుస్తూ చేసేయొచ్చు. గూగుల్ మ్యాప్ చూసి ఎక్కించడం మాత్రం నిషిద్ధం, అలా చేర్చినవన్నీ తర్వాత తీసేస్తారు.

ఇంకోటి. హ్యాకథాన్ రెండో రోజు ఉదయం వెళ్లి, వాళ్లు చేసిన యాప్‌ను ఎవరూ ఏమీ చెప్పకుండా మీ ఫోన్‌లో వాడి చూడండి. మీరు ఎక్కడ ఆగారో అది వాళ్లు సరిచేయాల్సిన చోటు.

మా కాలేజీలో 60 మందితో హ్యాకథాన్ పెడుతున్నాం. ఏర్పాట్లలో ఏం మర్చిపోకూడదు?
— అధ్యాపకుడు, ఘట్‌కేసర్

కరెంటు. 65 వాట్ల ల్యాప్‌టాప్‌లు 60 అంటే 3,900 వాట్లు, 230 వోల్టుల దగ్గర 17 ఆంపియర్లు. ఒకే లైను మీద వేస్తే అర్ధరాత్రి ట్రిప్ అవుతుంది. మూడు వేర్వేరు లైన్ల మీద పంచి, ఒక్కో 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్‌కు 12 మించకుండా చూడండి. ఇంట్లో వాడే వైఫై రౌటర్ ఒకటి 60 మందిని మోయదు. మ్యాపు డేటా, లైబ్రరీలు ముందే దించి పెన్‌డ్రైవుల్లో పంచితే మొదటి మూడు గంటలు వృథా కావు.

అంతకన్నా ముఖ్యం, సమస్యలు మీరు రాయొద్దు. వార్డులో నాలాలు చూసే ఉద్యోగి, బస్తీ మహిళా సంఘం సభ్యురాలు, అంబులెన్స్ డ్రైవర్ ముగ్గురిని మొదటి రోజు గంటసేపు కూర్చోబెట్టండి. జడ్జీల్లో కూడా వాళ్లలో ఒకరు ఉండాలి.

హ్యాకథాన్‌లో మా యాప్‌కు మొదటి బహుమతి వచ్చింది, జీహెచ్‌ఎంసీకి ఇస్తాం అని చెప్పాం. ఆర్నెల్లయింది, దాన్ని ఎవరూ వాడట్లేదు. ఇవి ఎప్పుడైనా నిజంగా పనికొచ్చాయా?
— యువ ఇంజనీరు, ఉప్పల్

వచ్చాయి. 2004 సునామీ తర్వాత శ్రీలంకలో స్వచ్ఛంద ప్రోగ్రామర్లు రాసిన విపత్తు సహాయ సాఫ్ట్‌వేర్ సహానా తర్వాత అనేక దేశాలకు వెళ్లింది. 2008 జనవరిలో కెన్యా ఎన్నికల గొడవల్లో పుట్టిన, జనం పంపిన సమాచారాన్ని మ్యాపు మీద చూపే ఉషాహిదీ హైతీ భూకంపంలో కూడా పని చేసింది. 2009 నవంబరులో గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ, నాసా, ప్రపంచ బ్యాంకు కలిసి నడిపిన ర్యాండమ్ హ్యాక్స్ ఆఫ్ కైండ్‌నెస్ తొలి హ్యాకథాన్‌లో గెలిచిన ‘ఐ యామ్ ఓకే’ చేసేది ఒకటే పని: నేను క్షేమం అని ఎస్సెమ్మెస్‌తో ఇంటికి చెప్పడం. కొద్ది నెలలకే హైతీలో దాన్ని వాడారు.

మీది ఎందుకు ఆగిందో మీ ఉత్తరంలోనే ఉంది. ‘జీహెచ్‌ఎంసీకి ఇస్తాం’ అని రాశారు, ఎవరికి ఇచ్చారో రాయలేదు. శాఖ యాప్ తీసుకోదు, ఆ శాఖలో ఒక మనిషి తీసుకుంటారు. వాళ్ల రోజువారీ పనిలో ఒక రిజిస్టరు నింపే బాధ తప్పితేనే తీసుకుంటారు. ఒకే వార్డులో ఒకే ఉద్యోగితో ఒక వానాకాలం నడిపి చూడండి.

ఈ లోగా దాన్ని బతికించి ఉంచండి. ఉచిత క్లౌడ్ క్రెడిట్లు ఎప్పుడు అయిపోతాయి, డొమైన్ ఏ తేదీకి రెన్యువల్, అడ్మిన్ పాస్‌వర్డ్ టీములో ఎంతమంది దగ్గర ఉంది, మ్యాపు కీ (మ్యాపు సేవ వాడుకునే రహస్య సంకేతం) పొరపాటున కోడ్ పంచుకునే గిట్‌హబ్‌లో ఉండిపోయిందా, ఇవి ఒక కాగితం మీద రాసి ఇద్దరి దగ్గర పెట్టండి. సెన్సర్లో సిమ్ ఉంటే దాని రీఛార్జి 28 రోజులకే ముగుస్తుంది. చాలా సెన్సర్లు మూగబోయేది దానివల్లే. మే నెలాఖరున ఒక ఆదివారం బకెట్‌తో నీళ్లు పట్టుకెళ్లి, సెన్సర్ కింద నిలబెట్టి, అవతల ఫోన్ మోగేదాకా ఆగి చూడండి.